పిన్నుల డబ్బా

లెఫ్టినెంట్ ఒర్మెన్యో పొద్దున్నే వచ్చాడు,
చంకలో కంప్యూటరు, బుగ్గ మీద ఇంకా గట్టిపడని గడ్డం.
"స్క్వాడ్రన్ మూసేస్తున్నారు, సార్జెంట్ చుంగా.
శుక్రవారం జెండా దించుతారు. చరిత్ర ఒక్క పేజీ కావాలి.
తేదీలు నా దగ్గరున్నాయి. మీరు నాలుగు జ్ఞాపకాలు ఇస్తే చాలు."

చాలు అన్నాడు,
పక్కింట్లో చెంచాడు పంచదార అడిగినట్టు.

రాసుకో నాయనా.
పియూరా ఎండకి రన్‌వే తారు బూటుకి అంటుకునేది.
మొదటి ఆరు విమానాలూ వచ్చిన రోజు
అల్గరోబో చెట్ల కింద మేక ఒక్కటీ నిలవలేదు,
వాటి కాపరి మాత్రం చెవులు మూసుకుని నవ్వుతూ నిలబడ్డాడు.
ముక్కుల మీద కందిరీగని గీసింది మా వంటవాడు ఎలెఉతేరియో.
కాళ్ళు ఆరు గీయాలి, ఐదే గీశాడు.
ఎవరో లెక్కపెట్టేసరికి ఇరవై ఏళ్ళు గడిచాయి.
అప్పటిదాకా ఐదు కాళ్ళ కందిరీగతోనే
మేం దేశాన్ని కాపాడాం.
ఇది పేజీలో పట్టదు. తెలుసు.

పట్టేవి రాయి:
కమాండర్లు పదకొండు మంది. కారిడార్లో ఫొటోలున్నాయి,
వరసగా చూస్తూ పోతే మీసాలు తగ్గుతాయి, పతకాలు పెరుగుతాయి.
కూలినవి మూడు.
ఒకటి సెచూరా ఒడ్డున, సముద్రంలో, పక్షి తగిలి.
ఒకటి ఎందుకో ఎవరికీ తెలీదు.
మూడోది కొండల యుద్ధంలో. ఆ కుర్రాడి పేరు
ఇప్పుడొక చిన్న బడికి పెట్టారు,
పిల్లలు నోరు తిరక్క సగమే పలుకుతారు.

నా పని బాంబులు తగిలించడం.
రెక్క కింద వెల్లకిలా పడుకుని, వీపు కాలుతుంటే,
చివరి నిమిషంలో పిన్ను లాగడం.
బాంబుకొక పిన్ను, పిన్నుకొక ఎర్ర రిబ్బను.
విమానం వెళ్ళిపోతుంది, పిన్ను నా గుప్పిట్లో ఉంటుంది.
బాంబు తిరిగొస్తే పిన్ను మళ్ళీ దాని చిల్లులోకి.
రాకపోతే
నా కాఫీ డబ్బాలోకి.

ఎక్కడ పడిందో నేనెప్పుడూ అడగలేదు.
మూత పెట్టేవాణ్ణి, అంతే.

ఆ ఐదు వారాల్లో
డబ్బా గలగల రోజురోజుకీ తగ్గింది.
నిండుకుండ తొణకదంటారే,
అలా. ఆ మాటలోని మంచి మాత్రం లేకుండా.

ఒకరోజు కెప్టెన్ యార్లెకే
నాలుగు బాంబులతో వెళ్ళి నాలుగు బాంబులతో వచ్చాడు.
నిచ్చెన దిగి, హెల్మెట్ తీయకుండానే అన్నాడు: "మబ్బు."
జంటగా వెళ్ళి ఖాళీ రెక్కలతో దిగిన పైలట్
ఇటు వైపు చూడనే లేదు.
నేను రిజిస్టర్లో రాశాను: మబ్బు.
నాలుగు పిన్నులూ వాటి చిల్లుల్లో పెట్టాను.
చేతులు వణికాయి. వేడికి అనుకో.

ఆ రాత్రి హాంగర్ వెనక చల్లబడ్డ ఇసుకలో
బూట్లు విప్పి కూచుని, ఒక్కటే అడిగాడు:
"చుంగా, బట్టలారేసిన తాడు
ఎంత ఎత్తు నుంచి కనబడుతుందంటావ్?"
నేను నేల మీది మనిషిని సార్, అన్నాను.
ఆయన తలూపాడు, అదే జవాబైనట్టు.

మరుసటేడు లీమాకి, కాగితాల పనికి పంపేశారు.
కారిడార్లో ఆయన ఫొటో లేదు.

లెఫ్టినెంట్ వేళ్ళు ఆగాయి.
"ఆ రోజు వాతావరణ నివేదిక నా దగ్గరుంది, సార్జెంట్.
ఆకాశం నిర్మలం అని ఉంది."

ఏం చెప్పను?
ముప్పై ఏళ్ళలో ఈ చేత్తో రాసిన
ఒకే ఒక్క అబద్ధం మీద సరిగ్గా వేలు పెట్టాడు.
నిజాలన్నీ అలమరలో, ఆ డబ్బాలో ఉన్నాయి.
కావాలంటే ఎత్తి చూడు, కాస్త బరువే.

"మబ్బు అనే రాయి," అన్నాను.

ఫ్యాను కిర్రుమంటోంది. కాఫీ చల్లారింది.
అతను రాశాడో లేదో నాకు కనబడలేదు.
చాలాసేపటికి గొంతు సవరించుకుని అడిగాడు,
ఇంతకీ ఆ కందిరీగకి ఆరో కాలు
ఎవరైనా గీశారా అని.